ఫ్రేములో ఎంత కదిలింది? పులికాట్ తీరాన షట్టర్ స్పీడ్ అభ్యాసం

కెమెరాలో కాంతిని గ్రహించే సెన్సారుకు ముందు ఒక సన్నని తెర ఉంటుంది. మీట నొక్కినప్పుడు ఆ తెర తెరుచుకుని, ముందుగా నిర్ణయించిన కాలం పాటు కాంతిని సెన్సారు మీద పడనిచ్చి, తిరిగి మూసుకుంటుంది. ఈ తెరను షట్టర్ అనీ, అది తెరిచి ఉండే కాలాన్ని షట్టర్ స్పీడ్ అనీ వ్యవహరిస్తారు. సెకనులో కొన్ని వేల వంతుల నుంచి కొన్ని నిమిషాల దాకా ఈ కాలం ఎంతైనా కావచ్చు. అయితే ఎంచుకున్న కాలం ప్రతిసారీ రెండు పనులు చేస్తుంది. ఫొటో ఎంత వెలుగుగా రావాలో నిర్ణయించేది అదే, ఆ వ్యవధిలో కదిలిన వస్తువు స్పష్టంగా నిలుస్తుందో చెదిరిపోతుందో తేల్చేదీ అదే. ఈ రెండు పనులనూ విడదీయడం కుదరదు గనుకనే, కెమెరా మీద ఉన్న అమరికలన్నిటిలోకీ దీన్ని చేతికి అలవాటు చేసుకోవడానికి అభ్యాసకులకు ఎక్కువ కాలం పడుతుంది.

ఈ అభ్యాసానికి సూళ్లూరుపేట పరిసరాలంత అనువైన చోటు తెలుగునాట మరొకటి దొరకడం కష్టం. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో చేరినా నెల్లూరు మాటనూ అలవాట్లనూ వదులుకోని ఈ పట్టణానికి తూర్పున, మన దేశంలో చిలికా తర్వాత అంతటి ఉప్పునీటి సరస్సుగా పేరున్న పులికాట్ ఉంది. సరస్సును చీల్చుకుంటూ అటకానితిప్ప మీదుగా శ్రీహరికోటకు రోడ్డు సాగుతుంది. శీతాకాలంలో ఆ రోడ్డుకు ఇరువైపులా ఫ్లెమింగోలు మేతకు దిగుతాయి. ఉత్తరాన దొరవారిసత్రం దగ్గర 1976లో ఏర్పడిన నేలపట్టు పక్షుల అభయారణ్యంలో, చెరువు నీళ్లలో నిలిచిన కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. వీటికి తోడు సతీశ్ ధవన్ అంతరిక్ష కేంద్రం, అంటే ఊరివాళ్లు షార్ అని పిలుచుకునే కేంద్రం నుంచి లేచే రాకెట్లు ఉన్నాయి. సెకనులో వెయ్యో వంతు కావలసిన దృశ్యమూ, రెండు నిమిషాలు కావలసిన దృశ్యమూ ఇంత దగ్గరదగ్గరగా ఉండడం అరుదు.

వెలుగు సంగతి ముందు తేల్చుకోవడం మంచిది, ఎందుకంటే అది లెక్కకు లొంగుతుంది. షట్టర్ స్పీడ్ 1/250 నుంచి 1/500 సెకనుకు మారితే సెన్సారుకు చేరే కాంతి సగమవుతుంది. 1/125కు మారితే రెట్టింపవుతుంది. ఇలా కాంతి సగం కావడాన్నీ రెట్టింపు కావడాన్నీ ఒక స్టాప్ తేడా అంటారు. లెన్సులో కాంతి ప్రవేశించే రంధ్రమైన అపెర్చర్‌నూ, సెన్సారు ఇచ్చే సంకేతాన్ని ఎంత పెంచి చదవాలో చెప్పే ఐఎస్ఓనూ ఇదే స్టాపుల్లో లెక్కిస్తారు గనుక, ఒకచోట తగ్గించిన స్టాపును మరోచోట కలిపి, ఎక్స్‌పోజర్ అనబడే మొత్తం వెలుగును చెక్కుచెదరకుండా నిలుపుకోవచ్చు. మబ్బులేని ఎండలో ఐఎస్ఓ 100, అపెర్చర్ ఎఫ్/16 ఉంటే సుమారు 1/100 సెకను సరిపోతుందన్నది ఫిలిం కాలం నుంచీ ఫొటోగ్రాఫర్లకు నోటికి వచ్చిన సూత్రం. పులికాట్ ఒడ్డున ఎండ బాగా ఎక్కిన వేళకు దీన్ని అన్వయిస్తే, రంధ్రాన్ని ఎఫ్/16 నుంచి ఎఫ్/5.6కు తెరిచినప్పుడు మూడు స్టాపుల కాంతి అదనంగా వస్తుంది, ఆ అదనాన్ని షట్టర్ దగ్గర తీసేస్తే 1/100 కాస్తా 1/800 అవుతుంది, ఐఎస్ఓను 200 చేస్తే 1/1600కు చేరుతుంది. ఎగిరే పక్షికి ఇది చాలు. సూర్యోదయమైన కొత్తలో, కాంతి ఇందులో పదహారో వంతు, అంటే నాలుగు స్టాపులు తక్కువగా ఉన్నప్పుడు, అదే 1/1600 కావాలంటే ఐఎస్ఓ 3200 దాకా పోక తప్పదు. చాలామంది జంకేది ఇక్కడే. ఐఎస్ఓ పెంచితే ఫొటో నిండా నాయిస్ అనే గరుకుదనం వస్తుందని భయపడి షట్టర్ స్పీడును 1/200కు దించుకుంటారు. ఆ భయానికి అర్థం లేదు. నాయిస్‌ను తర్వాత కంప్యూటర్ మీద చాలావరకు తగ్గించుకోవచ్చు గానీ, కదిలిపోయిన పక్షి కన్నును ఏ సాఫ్ట్‌వేరూ నమ్మదగిన రీతిలో తిరిగి తెచ్చివ్వలేదు.

లెక్క ఇంత సులువైనప్పుడు కెమెరానే దాన్ని చేసుకోనివ్వవచ్చు కదా అనిపించడం సహజం. అలా వదిలేస్తే ఈ తీరంలో ఒకే కెమెరా రెండు చోట్ల రెండు రకాలుగా తప్పుతుంది. కెమెరాలోని కాంతిమాపకం, అంటే మీటర్, ఎదుట ఉన్న దృశ్యం మొత్తం మీద సగటున ఒక మధ్యస్థపు బూడిద రంగంత వెలుగుతో ఉంటుందని అనుకుని పనిచేస్తుంది. అటకానితిప్ప దగ్గర తళతళలాడే నీరూ తెల్లని ఫ్లెమింగోల గుంపూ ఫ్రేమంతా నిండితే, అంత వెలుగును బూడిద రంగుకు దించాలని మీటర్ 1/4000 సెకను చూపిస్తుంది, పక్షులు మురికి పట్టినట్టు వస్తాయి. అక్కడ ఒక స్టాప్ పెంచి 1/2000కు రావాలి. నేలపట్టులో ముదురాకుపచ్చని కడప చెట్ల నడుమ తెల్లగా, చిన్నదిగా కూర్చున్న ఒక్క కొంగను తీసేటప్పుడు, చీకటి ఆకులను చూసి మీటర్ 1/250 చాలంటుంది, కొంగ ఈకల్లోని గీతలన్నీ తుడిచిపెట్టుకుపోయి తెల్లని కాగితం ముక్కలా మిగులుతుంది. అక్కడ ఒక స్టాప్ తగ్గించి 1/500కు వెళ్లాలి. అందుచేత ఎండ నిలకడగా ఉన్న రోజున మాన్యువల్ మోడ్‌లో, తెల్లని ఈక వెలుగును బట్టి ఒకసారి అమరిక కుదుర్చుకుని, ఎండ మారేదాకా దాన్ని ముట్టుకోకపోవడమే మేలు. పక్షి నీళ్ల మీది నుంచి చెట్ల ముందుకు ఎగిరి వచ్చినంత మాత్రాన దాని మీద పడే ఎండ మారదు. ఫొటోలో వెలుగు ఏ స్థాయిలో ఎంత ఉందో చూపే హిస్టోగ్రామ్ అనే గ్రాఫు కుడి అంచుకు ఆనుకోకుండా, దానికి చేరువలో ఆగితే తెలుపు భద్రంగా ఉన్నట్టు.

కదలిక విషయంలో మాత్రం లెక్క కన్నా ముందు ఒక అపోహను వదిలించుకోవాలి. వేగంగా పోయేదానికి వేగవంతమైన షట్టర్, మెల్లగా పోయేదానికి మెల్లని షట్టర్ అన్న పాఠం పుస్తకాల్లో తరచూ కనిపిస్తుంది. అది సగం నిజం మాత్రమే. షట్టర్ తెరిచి ఉన్నంతసేపట్లో వస్తువు బొమ్మ సెన్సారు మీద ఎంత దూరం జరిగిందన్నదే స్పష్టతను నిర్ణయిస్తుంది, ఆ వస్తువు బయట ఎంత వేగంతో పోతున్నదన్నది దానికి కారణాల్లో ఒకటి మాత్రమే. ఈ తేడాను చూపడానికి శ్రీహరికోట రాకెట్టూ, రోడ్డు పక్క నుంచి లేచిన కొంగా సరిపోతాయి. 400 మిల్లీమీటర్ల లెన్సూ, 36 మిల్లీమీటర్ల వెడల్పున 6000 పిక్సెళ్లు పేర్చిన సెన్సారూ ఉన్న కెమెరాను కదలకుండా నిలిపి, 1/500 సెకను షట్టర్ స్పీడుతో ఈ రెండింటినీ తీస్తున్నట్టు అనుకోవాలి. రాకెట్టు 20 కిలోమీటర్ల దూరంలో సెకనుకు 300 మీటర్ల వేగంతో అడ్డంగా పోతుంటే, ఆ వ్యవధిలో అది 60 సెంటీమీటర్లు కదులుతుంది. అంత దూరం నుంచి ఆ కదలిక సెన్సారు మీద రెండు పిక్సెళ్లకు మించదు. కొంగ 20 మీటర్ల దూరంలో సెకనుకు 10 మీటర్ల వేగంతో పోతుంటే కదిలేది 2 సెంటీమీటర్లే, కానీ సెన్సారు మీద అది అరవై పిక్సెళ్లు దాటుతుంది. ముప్పై రెట్లు వేగమున్న రాకెట్టు నిలిచిపోయి, కొంగ చెదిరిపోతుంది.

ఈ ఒక్క లెక్క అర్థమైతే మిగతా సలహాలన్నీ దాని నుంచే పుడతాయి. దగ్గరికి పోయినా, పొడవాటి లెన్సు తొడిగినా ఫ్రేములో కదలిక పెరుగుతుంది గనుక షట్టర్ స్పీడూ పెరగాలి. ఎదురుగా వచ్చే పక్షి కన్నా అడ్డంగా పోయే పక్షికి ఎక్కువ స్పీడు కావాలి. పక్షి పోయే వేగంతోనే కెమెరాను కూడా తిప్పగలిగితే పక్షి శరీరం సెన్సారు మీద దాదాపు ఒకేచోట నిలుస్తుంది, కదిలేవి రెక్కల కొసలు మాత్రమే. ఎగిరే పక్షికి 1/1600, 1/2000 అని అనుభవజ్ఞులు చెప్పే అంకెలు నిజానికి ఆ రెక్కల కొసల కోసమే.

కదలికను కెమెరా ఎలా చూస్తుందన్న ప్రశ్నకు చరిత్ర పెద్దదే. పారిస్‌లోని బూలెవార్ ద్యు టెంప్ల్ అనే రద్దీ వీధిని 1838లో లూయీ డాగేర్ తన కిటికీ నుంచి చిత్రించినప్పుడు ఎక్స్‌పోజర్‌కు కొన్ని నిమిషాలు పట్టింది. బళ్లూ మనుషులూ ఎవరూ ఒకచోట నిలవలేదు కాబట్టి వీధి ఖాళీగా వచ్చింది, బూట్లు పాలిష్ చేయించుకుంటూ ఆగిన ఒక మనిషి ఆకారం మాత్రం నిలిచింది. ఆ తర్వాత అర్ధశతాబ్దం తిరగకముందే, 1882లో, ఎటియెన్ జూల్ మరే అనే ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రజ్ఞుడు తుపాకీ ఆకారంలో ఒక కెమెరా తయారుచేసి, సెకనుకు 12 చొప్పున, ఒక్కొక్కదానికి 1/720 సెకను ఎక్స్‌పోజర్‌తో పక్షుల బొమ్మలు తీశాడు. ఎగురుతున్న పెలికాన్ రెక్కల వరుస స్థితులన్నీ ఒకే పలక మీద పడేలా ఆయన తీసిన చిత్రం నేటికీ ప్రసిద్ధం. నేలపట్టు గూడబాతు కూడా పెలికానే. నేటి అభ్యాసకుడు ఆ చెరువు గట్టున నిలబడి చేసే ప్రయోగం, పనిముట్లు మారాయన్న మాటే గానీ, మరే చేసినదాని కొనసాగింపే.

నేలపట్టులో కాపలా గోపురం మీది నుంచి గానీ, గట్టు మీది నుంచి గానీ చూసినప్పుడు గూడబాతు గూటికి దిగే క్రమం కొంతసేపు గమనించి తీరాలి. పుల్లను ముక్కున కరుచుకుని చెట్టు చుట్టూ తిరిగి, గాలికి ఎదురుగా మళ్లి, చివరి క్షణాల్లో రెక్కలను వెనక్కి విదిలించి, పాదాలను ముందుకు చాపి దిగుతుంది. తేలుతూ వచ్చేటప్పుడు 1/500 సరిపోతుంది, ఆ చివరి విదిలింపుకు 1/1600 కావాలి. దిగేటప్పుడు మార్చుకోవడానికి వ్యవధి ఉండదు గనుక పెద్ద అంకె మీదే ఉండాలి. గూట్లో కదలకుండా ఉన్న పిల్లలకు 1/250 చాలనిపిస్తుంది, నిజమే, కానీ పిల్ల తన తలను తల్లి గొంతు సంచిలోకి మెడదాకా దూర్చి చేపల కోసం పెనుగులాడేటప్పుడు రెండు పక్షులూ కుదుపుకు లోనవుతాయి, 1/250 దగ్గర తీసిన ఫొటోలో గూడు స్పష్టంగానూ పక్షులు మసకగానూ మిగులుతాయి. గూళ్ల దగ్గర ఫ్లాష్ వాడడం మాత్రం అభ్యాసం పేరుతో కూడా తగదు.

ఫ్లెమింగో తీరు వేరు. తల తలకిందులుగా నీళ్లలో ముంచి మేసేటప్పుడు అది చాలాసేపు ఒకే లయలో ఉంటుంది, 1/320తో కూడా పని జరుగుతుంది. లేచేటప్పుడు నీటి మీద పరుగు తీస్తుంది. ఆ పరుగులో పాదాల కింద చిమ్మిన తుంపరలు గాజుపూసల్లా విడివిడిగా కనబడాలంటే 1/2000 కావాలి. రెక్క విప్పినప్పుడే దాని గులాబీ ఎరుపూ, అంచున నల్లని ఈకలూ బయటపడతాయి, అంతవరకూ తెల్లగా ఉన్న పక్షి ఫ్రేములో ఒక్కసారిగా మూడు రంగులవుతుంది. ఎండ ముదిరాక, సరస్సు ఎండిన బురద నేల మీది నుంచి లేచే వేడిగాలికి దూరపు పక్షులు అలలు అలలుగా వణికినట్టు కనిపిస్తాయి. దీనికి షట్టర్ స్పీడులో మందు లేదు, 1/8000 పెట్టినా ఆ వణుకు అలాగే ముద్రపడుతుంది. ఫ్లెమింగో ఫెస్టివల్ పేరిట జనం పోటెత్తే రోజుల్లో మధ్యాహ్నం పూట పెద్ద లెన్సులతో తీసిన ఫొటోలు ఎందుకు మెత్తగా వచ్చాయో తెలియక కెమెరాను తిట్టుకునేవాళ్లు వేళ మార్చుకోవడం మంచిది.

వస్తువు కదలికతో పాటు చేతి వణుకూ ఉంటుంది. లెన్సు పొడవు ఎన్ని మిల్లీమీటర్లో కనీసం సెకనులో అన్నో వంతు స్పీడు ఉండాలన్నది పాత నియమం. 400 మిల్లీమీటర్ల లెన్సుకు 1/400. సెన్సారు చిన్నదైన కెమెరాలో ఒకటిన్నర రెట్లు లెక్కేసి 1/600 అనుకోవాలి. లెన్సులో వణుకును తగ్గించే ఏర్పాటు ఉంటే ఈ నియమాన్ని సడలించవచ్చు, అయితే ఆ ఏర్పాటు పట్టుకునేది చేతి వణుకునే తప్ప పక్షి రెక్కను కాదు. శ్రీహరికోట రోడ్డు మీద కారులో కూర్చుని తీసేవారు ఇంజిన్ ఆపి, కిటికీ అంచున ఇసుక సంచి వేసుకుని లెన్సును ఆనిస్తే, పక్క నుంచి బస్సు పోయినప్పుడు తప్ప కుదుపు ఉండదు.

ఇంతవరకూ చెప్పినదంతా కదలికను ఆపడం గురించి. అన్ని ఫొటోలనూ 1/2000 దగ్గర తీసేవాడు క్రమంగా బొమ్మలన్నిటినీ దారానికి వేలాడదీసిన పక్షుల్లా తయారుచేసుకుంటాడు. కదలిక కనబడేలా తీయడానికి, నిలిపి తీయడం కన్నా ఎక్కువ నేర్పు కావాలి, ఎందుకంటే అక్కడ ఏది చెదరాలో, ఏది చెదరకూడదో ముందే నిర్ణయించుకోవాలి. సరస్సులో మోకాటి లోతు నీళ్లలో నిలబడి జాలరి విసురు వల వేస్తున్నప్పుడు 1/1000 పెడితే వల ముళ్లూ, అంచున కట్టిన సీసపు గుండ్లూ లెక్కపెట్టగలిగినంత స్పష్టంగా వస్తాయి. 1/30 పెట్టి, కెమెరాను ట్రైపాడ్ మీద నిలిపితే జాలరి నడుమూ కాళ్లూ నిలిచి, చేతుల నుంచి వల పొగలా విచ్చుకున్నట్టు వస్తుంది. వల విసిరే వేగం మనిషి మనిషికీ మారుతుంది కాబట్టి 1/15 నుంచి 1/60 దాకా ప్రయత్నించి చూడాలి. ఎండలో 1/30 పెడితే వెలుగు మరీ ఎక్కువవుతుంది. ఐఎస్ఓను 100కు, అపెర్చర్‌ను ఎఫ్/16కు దించినా ఇంకా ఒకటి రెండు స్టాపులు మిగిలిపోతాయి. ఆ మిగులును తగ్గించడానికే కాంతిని రంగు మార్చకుండా తగ్గించే నల్లద్దం, అంటే ఎన్‌డీ ఫిల్టర్, లెన్సుకు తొడుగుతారు.

కదిలేదాని వెంట కెమెరాను తిప్పుతూ నెమ్మది స్పీడులో తీయడాన్ని ప్యానింగ్ అంటారు. సాయంత్రం బారులు తీరి పోయే ఫ్లెమింగోలను 1/30తో వెంబడిస్తే మెడలూ శరీరాలూ నిలిచి, రెక్కలు తుడిచినట్టయి, వెనుక నేల గీతలుగా మారుతుంది. పాదాలు కదపకుండా నడుము నుంచి తిరగాలి, మీట నొక్కక ముందే వెంబడించడం మొదలుపెట్టాలి, నొక్కాక కూడా ఆపకూడదు. పదింటిలో తొమ్మిది పాడవుతాయని ముందే సిద్ధపడినవారికే ఇది పట్టుబడుతుంది. పక్షుల కన్నా ముందు హైవే మీది ఆటోల మీద సాధన చేయడం తెలివైన పని.

సూళ్లూరుపేటలోని చెంగాళమ్మ గుడి వంటి చోట రాత్రి దీపాల వెలుగులో తీసేటప్పుడు మరో చిక్కు వస్తుంది. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తుల్లో నడుస్తుంది కాబట్టి కొన్ని ట్యూబులైట్లూ ఎల్ఈడీలూ సెకనుకు వందసార్లు మినుకుమంటాయి. 1/500 పెడితే ఒక ఫొటో వెలుగుగా, ఒకటి చీకటిగా, ఒక్కోసారి అడ్డచారలతో వస్తాయి. 1/100కో 1/50కో దిగితే ఒక మినుకు పూర్తిగా లోపలికి వస్తుంది, చారలు పోతాయి.

రాకెట్ ప్రయోగాలకు వస్తే పగటివీ రాత్రివీ పూర్తిగా వేర్వేరు పనులు. 2023 జూలై 14న మధ్యాహ్నం 2:35కు చంద్రయాన్-3 లేచినట్టు పట్టపగలు జరిగే ప్రయోగానికి, పై లెక్క ప్రకారం, 1/1000 ఉంటే ధారాళం. ఘన ఇంధనపు మంట కళ్లు చెదిరేంత తెల్లగా ఉంటుంది గనుక ఎక్స్‌పోజర్‌ను మంటను బట్టి తగ్గించాలి, ఆకాశాన్ని బట్టి కాదు.

రాత్రి ప్రయోగంలో ఫొటోగ్రాఫర్లు కోరుకునేది నేల నుంచి నింగి దాకా సాగే వెలుగు గీత. 2022 అక్టోబరు 23న అర్ధరాత్రి దాటి 12:07కు వన్‌వెబ్ ఉపగ్రహాలతో లేచిన ఎల్‌వీఎం3, 2024 డిసెంబరు 30న రాత్రి పది గంటలకు లేచిన పీఎస్ఎల్‌వీ-సీ60 ఇలాంటివి. ఇక్కడ షట్టర్ స్పీడు తన రెండు పనుల్లో ఒకదాన్ని విచిత్రంగా వదిలేస్తుంది. మంట ఒక పిక్సెల్ మీద ఉండేది క్షణకాలమే, వెంటనే పై పిక్సెల్‌కు పోతుంది. కాబట్టి షట్టర్‌ను ఒక నిమిషం తెరిచి ఉంచినా మూడు నిమిషాలు తెరిచి ఉంచినా గీత వెలుగు మారదు, పొడవు మాత్రం పెరుగుతుంది. గీత వెలుగును నిర్ణయించేవి అపెర్చరూ ఐఎస్ఓలే. షట్టర్ కాలం పెరిగితే వెలుగెక్కేవి కదలని ఆకాశమూ, నీళ్లూ, ఊరి దీపాలూ. ఐఎస్ఓ 100, ఎఫ్/11 నుంచి ఎఫ్/16 మధ్య మొదలుపెట్టి, మీట నొక్కినంతసేపూ షట్టర్ తెరిచి ఉంచే బల్బ్ మోడ్‌లో, తీగ మీటతో రెండు నిమిషాల పైచిలుకు ఉంచడం సాధారణంగా పనిచేస్తుంది. గీత వెలుగు కాలంతో మారదు కాబట్టే, 2025 జనవరి 29న ఉదయం 6:23కు జరిగిన శ్రీహరికోట నూరో ప్రయోగం వంటి వేకువ ప్రయోగాలకు ఈ పద్ధతి కుదరదు. తెల్లవారుతున్న ఆకాశం రెండు నిమిషాల్లో తెల్లకాగితమవుతుంది, దాన్ని ఆపడానికి ముదురు ఎన్‌డీ ఫిల్టర్ తొడిగితే అది ఆకాశంతో పాటు గీతనూ మింగేస్తుంది.

సూళ్లూరుపేట వైపు నుంచి తూర్పుకు చూసేవారు పీఎస్ఎల్‌వీ సాధారణంగా ఆగ్నేయానికి, అంటే తమ కుడి చేతి వైపుకు వంగుతుందని గుర్తుంచుకుని, కెమెరాను నిలువుగా పెట్టి కుడివైపు ఎక్కువ జాగా వదలాలి. ఫోకస్‌ను చీకటి పడకముందే దూరపు దీపం మీద కుదిర్చి మాన్యువల్‌కు మార్చాలి. శ్రీహరికోట మీది రక్షిత ప్రాంతంలోకి కెమెరాతో పోరాదు. అనుమతి ఉన్న సందర్శకుల గ్యాలరీ నుంచో, సరస్సుకు ఇవతలి నుంచో తీయాలి. ఇరవై కిలోమీటర్ల దూరానికి శబ్దం చేరడానికి దాదాపు నిమిషం పడుతుంది, కాబట్టి ఉరుము వినబడ్డాక మీట నొక్కుదామనుకునేవారికి గీత మొదలు దొరకదు. కౌంట్‌డౌన్ చివరి సెకన్లలోనే షట్టర్ తెరవాలి. పొడవైన ఎక్స్‌పోజర్‌లో నాయిస్ తగ్గించే అమరిక కెమెరాలో ఆన్ అయి ఉంటే ముందుగానే ఆఫ్ చేసుకోవాలి, లేకపోతే రెండు నిమిషాల ఫొటో తీశాక కెమెరా మరో రెండు నిమిషాలు తనలో తాను పనిచేసుకుంటూ, పైన గాలికి వంకరలు తిరుగుతున్న పొగను తీయనివ్వదు.